చిన్న కిచెన్‌కు ఆహార భద్రత: నిబంధనలు చాలా ఉన్నాయి, మొదట దేన్ని పట్టుకోవాలి?

కొత్తకిచెన్:
అందరికీ నమస్కారం. ఆఫీసులకు, హాస్టళ్లకు భోజనం వండి పంపే కిచెన్ ఒకటి మొదలుపెడుతున్నాం. వంట విషయంలో మాకు అనుమానం లేదు. కానీ ఆహార భద్రత నిబంధనలు చదవడం మొదలుపెట్టాక టెన్షన్ పట్టుకుంది. ఒక కన్సల్టెంట్‌ని అడిగితే లావుపాటి ఫైలు చేతిలో పెట్టారు. ఫ్రిజ్‌కు ఒక ఫారం, నేల తుడిచినందుకు ఒక ఫారం, గోళ్లు కత్తిరించుకున్నందుకు ఒక ఫారం. ఇవన్నీ నింపుతూ కూర్చుంటే వంట ఎవరు చేస్తారు? పోనీ వదిలేద్దామంటే, మా చేతి భోజనం తిని ఒక్కరికి వాంతులైనా ఆ బాధ్యత మాదే కదా. ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి. ఏది తప్పితే నిజంగా ప్రమాదం? ఏది నెమ్మదిగా సరిచేసుకోవచ్చు?

పాత_తనిఖీ:
కొత్తకిచెన్ గారూ, తనిఖీ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని, ఆ వైపు నుంచి చెబుతాను. కిచెన్‌లోకి వెళ్లగానే నేను ఫైలు అడిగేవాణ్ని కాదు. చేతులు కడుక్కునే సింకు దగ్గరికి వెళ్లేవాణ్ని. మధ్యాహ్నం పన్నెండు గంటలు, వంట జోరుగా సాగుతోంది, సింకు మాత్రం ఎండిపోయి ఉంటుంది. సబ్బు సీసా మూత కూడా తీసి ఉండదు. సింకులో రెండు గరిటెలు, ఒక తడిగుడ్డ. అది చూశాక ఫైలులో ఎంత అందంగా రాసి ఉన్నా నాకు అనవసరం. తర్వాత అడిగేది థర్మామీటర్. 'ఎక్కడో ఉండాలి సార్' అన్నారంటే వండిన పదార్థం వేడి ఎవరూ చూడటం లేదని అర్థం.

ఫైలు పనికిరాదని కాదు. ఏ దేశ చట్టం తీసుకున్నా మూలం దాదాపు ఒక్కటే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో కోడెక్స్ అలిమెంటేరియస్ కమిషన్‌ను నిలబెట్టాయి. దాని ఆహార పరిశుభ్రత సాధారణ సూత్రాలు 1969 నాటివి, 2020లో బాగా తిరగరాశారు. అందులో వరుస స్పష్టంగా ఉంది. ముందు మంచి అలవాట్లు: నీళ్లు, చేతులు, శుభ్రత, పురుగులు ఎలుకల నివారణ, సిబ్బంది ఆరోగ్యం. ఆ పునాది పడ్డాకే ప్రమాదాల విశ్లేషణ. మీ కన్సల్టెంట్ రెండోదానితో మొదలుపెట్టినట్టున్నారు.

సూక్ష్మదర్శిని:
ల్యాబ్‌లో పనిచేస్తాను, అక్కడ కనిపించే సంగతి చెబుతాను. 5 డిగ్రీలకు 60 డిగ్రీలకు మధ్య ఉన్నంతసేపూ ఆహారం ప్రమాదంలో ఉన్నట్టే. ఇక్కడ నేను రాసేవన్నీ సెల్సియస్ డిగ్రీలు. ఆ మధ్యలో, తేమ, పోషకాలు ఉన్నచోట, కొన్ని బ్యాక్టీరియాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. లెక్క వేయండి: ఒక్క కణం ఏడు గంటల్లో ఇరవై లక్షలు దాటుతుంది. రాత్రి పదింటికి వదిలేసి పొద్దున్న ఐదింటికి చూస్తే అంతే.

'మళ్లీ బాగా మరిగిస్తే చచ్చిపోతాయి కదా' అని అందరూ అంటారు. బ్యాక్టీరియా చావవచ్చు, అది అప్పటికే వదిలిన విషం పోదు. మన చేతుల మీద, ముక్కులో, చీముపట్టిన గాయంలో ఉండే స్టాఫిలోకాకస్ ఆరియస్ ఆహారంలోకి దిగి పెరిగితే విషం తయారుచేస్తుంది. దాన్ని మరిగించి పోగొట్టలేం. అన్నం మీద పెరిగే బేసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషమూ అంతే. దీని బీజకణాలు మామూలు ఉడుకును తట్టుకుని బతుకుతాయి, అన్నం గోరువెచ్చగా ఆరుతున్నప్పుడు మొలకెత్తుతాయి. అలాంటి అన్నం వాసనలోనూ రుచిలోనూ తేడా ఉండకపోవచ్చు. కాబట్టి ముక్కుతో చూసి, నాలుకతో చూసి బాగుందని నిర్ణయించకండి.

కొత్తకిచెన్:
సూక్ష్మదర్శిని గారూ, ఇది నాకు నిజంగా తెలియని విషయం. వండినప్పుడు బాగా ఉడికితే చాలనుకున్నాం. మరి రాత్రి వండి పొద్దున్న పంపేవి ఉంటాయి కదా, గ్రేవీలు, ఉడకబెట్టిన పప్పులు. వాటికి ఏం చేయాలి?

గరిటె:
పెద్ద కిచెన్ నడిపిస్తున్నాను కాబట్టి దీనికి నేను చెబుతాను. ఎక్కువమంది తడబడేది చల్లార్చడం దగ్గరే.

యాభై లీటర్ల గిన్నెలో గ్రేవీ ఉందనుకోండి. రాత్రి మంట ఆపి, మూత పెట్టి, 'ఆరాక ఫ్రిజ్‌లో పెడదాం' అని ఇంటికి వెళ్తారు. పొద్దున్న వచ్చి గిన్నె బయట చేయి పెడితే చల్లగా ఉంటుంది. థర్మామీటర్ నడిమధ్యకు దింపండి, నలభై డిగ్రీల దగ్గర చూపిస్తే ఆశ్చర్యపోకండి. అంచులు చల్లారతాయి, మధ్యలో వేడి ఎటూ పోదు. అలాగని వేడి గిన్నెను అమాంతం ఫ్రిజ్‌లో తోస్తే అది చల్లారకపోగా పక్కనున్న పాలు, పెరుగు, కోసిన కూరలు కూడా వేడెక్కుతాయి.

చేయాల్సింది ఏమిటంటే, గిన్నెలోంచి లోతు తక్కువ ట్రేల్లోకి తీయండి, లోతు రెండంగుళాలు మించకూడదు. పలచటి ద్రవమైతే గిన్నెను ఐసునీళ్ల తొట్టిలో దించి, శుభ్రమైన గరిటెతో కలుపుతూ ఉండండి. తొట్టిలో నీళ్లు గిన్నెలో పదార్థం ఉన్న ఎత్తు దాకా రావాలి, అడుగున కాసిని ఉంటే లాభం లేదు. గట్టి పదార్థమైతే చిన్న ముక్కలు చేయండి. ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, మధ్యలో గాలి ఆడాలి. పూర్తిగా చల్లారేదాకా మూత బిగించొద్దు, పైనుంచి ఏమీ పడకుండా వదులుగా కప్పితే చాలు.

సమయం లెక్క: 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కణ్నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో. ఇంతకంటే కఠినంగా అడిగే చోట్లు ఉన్నాయి, మీ చట్టంలో ఉన్నది చూసుకోండి. రెండు గంటలకు 21కి రాలేదా, అప్పుడే మళ్లీ 74కి పైగా వేడిచేసి మొదటినుంచి చల్లార్చవచ్చు, అదీ ఒక్కసారే. ఆరు గంటలూ దాటిపోయిందంటే పారేయడమే.

సూక్ష్మదర్శిని:
గరిటె గారు చెప్పిన మొదటి రెండు గంటలు ఎందుకంత ముఖ్యమో చిన్న మాట. పెద్ద గిన్నెల్లో మాంసం, గ్రేవీలు వండేచోట క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. దీనివీ మొండి బీజకణాలే. 43 నుంచి 47 డిగ్రీల మధ్య ఇది పది నిమిషాల్లోపే రెట్టింపవగలదు. గిన్నె నడుమ నలభై డిగ్రీల్లో గంటల తరబడి ఉందంటే దానికి మనమే సరిపడా వేడి, చోటు ఇచ్చినట్టు.

క్యూఏడెస్క్:
ప్యాకింగ్ యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను. ఫైలులోని ప్రమాదాల విశ్లేషణ చూసి భయపడుతున్నట్టున్నారు కాబట్టి అది చెబుతాను. దాన్నే హ్యాసప్ (HACCP) అంటారు. 1960ల్లో అంతరిక్ష యాత్రికుల ఆహారం కోసం నాసా, అమెరికా సైన్యం ప్రయోగశాలలు, పిల్స్‌బరీ కంపెనీ కలిసి దీనికి రూపం ఇచ్చాయి. పైకి వెళ్లినవాళ్లకు అక్కడ విరేచనాలు పట్టుకుంటే దిక్కెవరు? తయారైన ప్యాకెట్లన్నీ పరీక్షిస్తే తినడానికి ఒక్కటీ మిగలదు. అందుకని చివర పరీక్షించడం మానేసి, తయారీలో ఎక్కడ తప్పు జరగగలదో ముందే వెతికి, అక్కడే కాపలా పెట్టారు.

మీ కిచెన్‌కైనా పద్ధతి అదే. సరుకు గుమ్మంలోకి వచ్చినప్పటి నుంచి డబ్బా బయటికి వెళ్లేదాకా మెట్లన్నీ కాగితం మీద గీయండి. ప్రతి మెట్టు దగ్గర ఒకే ప్రశ్న: ఇక్కడ తప్పితే తర్వాత ఏ మెట్టైనా దాన్ని సరిచేస్తుందా? కూరగాయ మీద మట్టి ఉంటే కడగడం, ఉడకడం చూసుకుంటాయి. ఉడకడమే సరిగా జరగకపోతే? దాని తర్వాత కాపాడేది ఏదీ లేదు. అదే క్రిటికల్ కంట్రోల్ పాయింట్. మీలాంటి కిచెన్‌కు సాధారణంగా మూడే వస్తాయి: వండటం, చల్లార్చడం, వేడిగా ఉంచి పంపడం. వండేటప్పుడు నడిమధ్యన కనీసం 70 డిగ్రీలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, చాలా కిచెన్లు భద్రం కోసం 75 పెట్టుకుంటాయి. పంపేటప్పుడు 60కి తగ్గకూడదు. కొన్ని చోట్ల చట్టం 63 అంటుంది.

ఇరవై క్రిటికల్ పాయింట్లు రాసిచ్చిన ఫైళ్లు నేను చూశాను. ఇరవై చోట్ల కాపలా పెట్టామంటే నిజానికి ఎక్కడా ఉండదు. గోళ్ల ఫారం, నేల ఫారం తీసేసి ఒక్క రోజువారీ చెక్‌లిస్టులో కలిపేయండి.

సర్వీస్‌కౌంటర్:
గ్లవ్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా దగ్గర అందరికీ తప్పనిసరి చేశారు. గ్లవ్స్ వేసుకుని వడ్డిస్తే చూసేవాళ్లకు కూడా నమ్మకంగా ఉంటుంది. ఖర్చు కూడా పెద్దగా లేదు. ముందు అదే మొదలుపెట్టమంటాను.

గరిటె:
దీనికి మాత్రం ఒప్పుకోను. గ్లవ్స్ వేసుకున్న చేయి మురికి తెలియని చేయి. ఉత్త చేతికి జిడ్డు తగిలితే కడుక్కోవాలనిపిస్తుంది. గ్లవ్స్‌కు అది తెలియదు. ఆ గ్లవ్స్‌తోనే పచ్చి మాంసం, ఫ్రిజ్ హ్యాండిల్, ఫోను, ఆ వెంటనే పచ్చి కూరముక్కలు. నేను చూస్తూ నిలబడితే ఒక్క గంటలో ఇన్నీ జరుగుతాయి. మళ్లీ ఉడికించని ఆహారాన్ని ముట్టుకునేటప్పుడు, చేతికి కట్టు ఉన్నప్పుడు గ్లవ్స్ కావాలి. వేసుకునే ముందు చేతులు కడగాలి, పని మారగానే తీసి పారేయాలి. అది పాటించగలిగితేనే గ్లవ్స్. లేకపోతే సబ్బు, నీళ్లు, ఇరవై సెకన్లు.

సర్వీస్‌కౌంటర్:
అది నిజమే, ఫోన్ సంగతి మా దగ్గరా ఉంది. మరి శానిటైజర్ సీసాలు పెడితే? సింకు దాకా వెళ్లే పని ఉండదు.

సూక్ష్మదర్శిని:
జిడ్డు, మట్టి ఉన్న చేతి మీద శానిటైజర్ సరిగా పనిచేయదండి. నోరోవైరస్ మీద ఆల్కహాల్ ప్రభావం తక్కువ, ఆ వైరస్ కాస్త శరీరంలోకి వెళ్లినా చాలు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. శానిటైజర్ కడిగిన చేతికి అదనపు రక్షణ మాత్రమే, కడగడానికి బదులు కాదు.

నోరోవైరస్ పేరు వచ్చింది కాబట్టి ఇంకొకటి. వాంతులో విరేచనాలో అయిన మనిషిని, అవి పూర్తిగా ఆగిన తర్వాత కూడా 48 గంటలు ఆహారం దగ్గరికి రానివ్వొద్దు. తగ్గిందనుకున్నాక కూడా వైరస్ బయటికి వస్తూనే ఉంటుంది.

పాత_తనిఖీ:
ఈ 48 గంటల నిబంధన ప్రతి గోడ మీదా అతికించి ఉంటుంది. అమలయ్యేది చాలా తక్కువ. కారణం సూటిగా చెబుతాను: రానిరోజు జీతం కోస్తారు. కూలీ మీద ఇల్లు గడిచే మనిషి, రెండు రోజుల డబ్బు పోతుందంటే కడుపునొప్పి సంగతి నోరు విప్పి చెప్పడు. మాత్ర వేసుకుని వచ్చి అన్నం కలుపుతాడు. అది అతని తప్పు కాదు, ఆ నిబంధన పెట్టిన యజమాని తప్పు. కొత్తకిచెన్ గారూ, మీరు ఒక్క మంచి పని చేయాలనుకుంటే ఇది చేయండి: అనారోగ్యం చెప్పి ఇంటికి వెళ్లినవాడికి ఆ రోజుల జీతం ఇస్తామని మొదటిరోజే చెప్పండి. ఫైలులోని సగం ఫారాల కంటే దీంతో ఎక్కువ రక్షణ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన అంచనా ప్రకారం ఏటా 60 కోట్ల మంది కలుషిత ఆహారం వల్ల జబ్బు పడుతున్నారు, 4 లక్షల 20 వేల మంది చనిపోతున్నారు. అందులో 1 లక్షా 25 వేల మంది ఐదేళ్లలోపు పిల్లలు. ఆ అంకె గుర్తుకొచ్చినప్పుడల్లా రెండు రోజుల కూలీ ఏపాటిదనిపిస్తుంది.

కొత్తకిచెన్:
జీతం విషయం ఈరోజే మాట్లాడుకున్నాం, ఇస్తాం. ఇంకో సందేహం. ఫ్రిజ్ రిజిస్టర్ పెట్టాం. రోజుకు రెండుసార్లు రాయమన్నాం. వారం రోజులుగా అన్నీ నాలుగు, నాలుగు, నాలుగు అనే ఉన్నాయి. బాగున్నట్టేనా?

పాత_తనిఖీ:
బాగాలేదు. నిజంగా వాడే ఫ్రిజ్ వారమంతా ఒకే అంకె చూపించదు. తలుపు తీస్తారు, సరుకు నింపుతారు, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది, పొద్దున్న ఒకలా ఉంటుంది. మూడు, ఐదు, ఒకసారి ఏడు, పక్కన 'తలుపు సరిగా పడలేదు, గంట తర్వాత నాలుగు' అని రాసిన రిజిస్టర్ చూస్తే నాకు నమ్మకం కలుగుతుంది. ఒకచోట ఇంకా రాని తేదీలకు కూడా అంకెలు నింపి ఉన్నాయి, ఒకే పెన్ను, ఒకే చేతిరాత. అక్కడి కుర్రాణ్ని పక్కకు పిలిచి అడిగాను. 'పోయినసారి తొమ్మిది రాస్తే అందరి ముందూ తిట్టారు సార్' అన్నాడు. తిట్టిన రోజు నుంచి ఆ రిజిస్టర్‌లో నిజం ఆగిపోయింది. తొమ్మిది రాసినవాణ్ని మెచ్చుకోవాలి. వాడు చూశాడు కాబట్టి ఫ్రిజ్ పాడైన సంగతి ఆ రోజే తెలిసింది.

శుభ్రతషిఫ్ట్:
రాత్రి షిఫ్ట్‌లో క్లీనింగ్ సూపర్‌వైజర్‌ని. వండేవాళ్ల సంగతి అందరూ రాశారు, మా పని కూడా కాస్త రాస్తాను. కడగడం వేరు, క్రిములను చంపడం వేరు. జిడ్డు మీద క్లోరిన్ నీళ్లు చల్లితే క్లోరిన్ ఆ జిడ్డు మీదే ఖర్చయిపోతుంది, క్రిములు అలాగే ఉంటాయి. ముందు మిగిలిన పదార్థం గీకి తీయాలి, తర్వాత సబ్బునీళ్లతో తోమాలి, మంచినీళ్లతో జాలించాలి, అప్పుడు క్లోరిన్ నీళ్లు, ఆపైన గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిచారా, అంతవరకూ చేసినదంతా వృథా.

క్లోరిన్ ఎంత కలపాలో కంటితో కొలవకండి. ఆహారం తగిలే చోట్లకు సాధారణంగా 50 నుంచి 100 పీపీఎం, అంటే పది లక్షల భాగాల నీళ్లకు అన్ని భాగాల క్లోరిన్. దానికి టెస్ట్ స్ట్రిప్స్ దొరుకుతాయి, ముంచి రంగు చూస్తే తెలుస్తుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అనుకుంటారు, అది తప్పు. సీసా మీద ఎంతసేపు ఉంచాలని రాసుందో అంతసేపు తడిగా ఉండాలి. బ్లీచింగ్ ద్రవాన్ని టాయిలెట్ క్లీనర్ యాసిడ్‌తో గానీ అమ్మోనియాతో గానీ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు నేను చెప్పే మొదటి మాట ఇదే.

ఇంకొకటి, స్లైసర్, అంటే పలచగా ముక్కలు కోసే మెషిన్. బయటినుంచి మెరుస్తూ ఉంటుంది. బ్లేడు వెనక ఉన్న గార్డు ఊడదీసి చూడండి, అక్కడ పసుపు రంగులో పేరుకున్న పదార్థం వేలితో గీకితే వస్తుంది. ఊడదీయకుండా కడిగిన మెషిన్ కడగనట్టే.

సూక్ష్మదర్శిని:
శుభ్రతషిఫ్ట్ గారు చూపించిన ఆ స్లైసర్ మూల లిస్టీరియా అనే బ్యాక్టీరియాకు ఇష్టమైన చోటు. మిగతావాటిలా కాదు, అది ఫ్రిజ్ చల్లదనంలో కూడా మెల్లగా పెరుగుతుంది. గర్భిణులకు చాలా ప్రమాదం, గర్భస్రావం కావచ్చు. 'ఫ్రిజ్‌లోనే ఉంది కదా' అని రోజుల తరబడి ఉంచొద్దు. ప్రతి డబ్బా మీద తయారుచేసిన తేదీ రాయండి. గడువు ముందు ముగిసేది ముందు వాడండి.

కొత్తకిచెన్:
మాకు ఆర్డర్ ఇచ్చిన ఒక ఆఫీసులో ఒకరికి వేరుశనగ అలర్జీ అట. ఆయన డబ్బాలో పైన చల్లిన పల్లీలు తీసేసి పంపితే సరిపోతుందా?

క్యూఏడెస్క్:
సరిపోదండీ, దయచేసి అలా చేయకండి. కంటికి కనిపించనంత పొడి చాలు, గొంతు వాచి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఉడికించినా, వేయించినా అలర్జీ కారకం పోదు. అదే గరిటె, అదే నూనె, అదే చాపింగ్ బోర్డు వాడినా అందులోకి వెళ్తుంది. ఆయన భోజనం ఆరోజు అన్నిటికంటే ముందు, శుభ్రంగా కడిగిన విడి పాత్రల్లో వండి, మూతపెట్టి, పేరు రాసి పక్కన పెట్టండి. మసాలా పొడుల ప్యాకెట్ల మీద లేబుల్ కూడా చదవండి. చేయలేమనిపిస్తే నిజాయితీగా 'మా దగ్గర కుదరదు' అని చెప్పేయండి. వేరుశనగతో పాటు పాలు, గుడ్డు, చేపలు, రొయ్యలు, పీతల్లాంటివి, గోధుమ, సోయా, జీడిపప్పు, బాదం వంటి గింజలు కూడా ముఖ్యమైనవే. ఏ వంటలో ఏవి ఉన్నాయో ఒక పట్టిక రాసి ఫోన్ దగ్గర పెట్టుకోండి, ఆర్డర్ తీసుకునేవాళ్లు ఊహించి జవాబు చెప్పకూడదు.

సర్వీస్‌కౌంటర్:
ఆ పట్టిక ఆలోచన మేమూ పాటిస్తాం. మమ్మల్ని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, లోపల వంటవాళ్లను కేకేసి అడగాల్సి వస్తోంది. ఇంకో చిన్న ప్రశ్న, కరెంటు పోతే ఫ్రిజ్‌లో ఉన్నవి ఎంతసేపు ఆగుతాయి?

గరిటె:
తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉంటే 24. 'ఎలా ఉందో చూద్దాం' అని మాటిమాటికీ తెరిచారంటే ఈ లెక్కలేవీ పనిచేయవు. కరెంటు పోయిన సమయం తలుపు మీద చాక్‌పీసుతో రాసేయండి. వచ్చాక థర్మామీటర్ పెట్టి చూడండి.

కొత్తకిచెన్:
చల్లార్చడానికి ఒక ఫారం తయారుచేశాను, చూసి చెప్పండి. వంటకం పేరు, మంట ఆపిన సమయం, రెండు గంటలకు డిగ్రీలు, ఆరు గంటలకు డిగ్రీలు, సంతకం. రోజుకు ఒక్క పేజీ. దీనితో పాటు వండిన వేడి, పంపేటప్పటి వేడి అదే పేజీ కింద. మిగతావన్నీ ఒక చెక్‌లిస్టులో పెట్టేశాను. వంటవాళ్లు ముగ్గురూ రాయగలమన్నారు. థర్మామీటర్లు రెండు కొన్నాం.

పాత_తనిఖీ:
బాగుంది. ఒక గడి తక్కువైంది. 'హద్దు దాటితే ఏం చేశారు' అనే గడి సంతకానికి ముందు పెట్టండి. పారేశారా, మళ్లీ వేడిచేశారా, ఎన్ని కిలోలు, ఎవరు నిర్ణయించారు అన్నీ అక్కడే రాయాలి. అర్ధరాత్రి మీరు లేనప్పుడు పారేసే అధికారం వంటవాడికి ఉందని కూడా ఆ పేజీ పైనే రాయండి. లేకపోతే 'ఓనర్ ఏమంటారో' అని పొద్దుటిదాకా ఉంచేస్తారు.

క్యూఏడెస్క్:
థర్మామీటర్లు కొన్నారు కాబట్టి వాడేముందు సరిచూడండి. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు, ఖాళీలు నిండేంత నీళ్లు పోసి కలిపి, సూదిని మధ్యలో పెట్టండి, గ్లాసు అడుగుకు తగలకూడదు. సున్నా చూపించాలి. ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా వస్తే సరిచేయించండి లేదా మార్చండి. ప్రతి వంటకానికీ మధ్యలో సూదిని శుభ్రం చేయడం మరవొద్దు, పచ్చి మాంసంలో పెట్టింది తీసి వండిన దాంట్లో పెడితే మనమే క్రిములను మోసుకెళ్లినట్టు. రెండింటికీ నంబర్లు అతికించి, సరిచూసిన తేదీ ఆ చెక్‌లిస్టులోనే రాయండి.

కొత్తకిచెన్:
గడి చేర్చాను, అధికారం సంగతి పైన పెద్ద అక్షరాలతో రాయించాను. ఐసు పరీక్షలో ఒకటి సున్నా చూపించింది, రెండోది రెండున్నర. రెండోదాన్ని తిరిగి ఇచ్చేస్తున్నాం.